మనవడికి చదవడం నేర్పే విషయమై

రాజోలు

చి. ల. సౌ. మేనకోడలికి, అత్తయ్య ఆశీస్సులతో వ్రాయునది.

ఒకటో తరగతిలో చేరిన మనవడు అక్షరమాల అంతా గడగడా అప్పజెబుతున్నాడనీ, పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్క మాటైనా చదవలేకపోతున్నాడనీ రాశావు. వాడు అప్పజెప్పేది పాట. చదవడం వేరే విద్య. "కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని రాగం తీసే పిల్లవాడికి నడుమనున్న 'కీ' మీద వేలు పెట్టి చూపించు. మొదటినుంచీ పాడుకుంటూ వస్తే తప్ప అదేమిటో చెప్పలేడు. కనుక ముందుగా ఆ వరసను చెడగొట్టు.

యాభై ఆరు అక్షరాలూ వచ్చేదాకా మాటల జోలికి వెళ్ళకూడదన్న నియమమేమీ లేదు. ప, డ, వ, ల, ర, ద, గ, క అనే ఎనిమిది అక్షరాలు గుర్తుపట్టగలిగితే చాలు, పడవ, వల, వరద, గడప, పలక అన్నీ చదవవచ్చు. ఇవన్నీ మన కాలువ గట్ల మీద పెరిగే పిల్లలకు పుట్టినప్పటినుంచీ చెవిన పడే మాటలే. ఙ, ఌ వంటి వాటికి ఇప్పుడు తొందరలేదు. పోలికలున్న ప, ష, స లను ఒకే రోజు నేర్పవద్దు. వ, మ లను కూడా అంతే. అన్నట్టు, 'అ' అంటే 'అమ్మ' అని మనమందరం మొదలుపెడతాం గానీ, ఆ మాటలో మ ఒత్తు ఉంది. పలకడానికి అది ఎంత తేలికో చదవడానికి అంత కష్టం.

పలక మీద 'పడవ' అని పెద్దగా రాసి, నీ అరచేతితో మూసి, ఒక్కొక్క అక్షరాన్నే బయటపెట్టు. వాడు "ప", "డ", "వ" అని విడివిడిగా అన్నాక, ఆగకుండా కలిపి అనమను. రెండు మూడు సార్లు నసిగి, ఉన్నట్టుండి "పడవా!" అని నీ ముఖంలోకి చూస్తాడు. ఆ మాటను నీవే ముందుగా అందిస్తే ఆ పూట నేర్పినది వృథా. బొమ్మ చూసి ఊహించి చెబుతున్నాడేమోనని అనుమానం వస్తే, పడవ బొమ్మ కింద 'నావ' అని రాసి చదవమను. సంగతి వెంటనే తేలిపోతుంది.

తలకట్టు మాటలు తడబడకుండా వచ్చాకనే దీర్ఘం, ఆపైన గుడి, కొమ్ము, ఒక్కొక్కటిగా చెప్పు: తాత, చాప, నది, చిలక, పులస, లాకు. ఒత్తుల దగ్గర మాత్రం నిదానం అవసరం. గట్టు, కొబ్బరి వంటి మాటలలో ఒత్తు అక్షరాన్నే పోలి ఉంటుంది కనుక వాటితో మొదలుపెట్టు. త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ పోలిక ఉండదు. వాటిని కొత్త అక్షరాలు నేర్పినట్టే విడిగా నేర్పాలి. పాలకొల్లు బస్సు బోర్డు చదవగలిగిన నాడు ల ఒత్తు వచ్చినట్టే లెక్క. బస్టాండులో ఈ పని అల్లుడు గారికి అప్పగించు.

'వెళ్ళాడు' అని ఉన్నచోట వాడు "ఎల్లాడు" అని చదివితే కసురుకోవద్దు. అది మన యాస. మాట అర్థమైంది కాబట్టే వాడి నోట అలా వచ్చింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి మరొకసారి చూడమను, చాలు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమం కదా, ఇంట్లో తెలుగు ఎందుకని మీ అత్తగారు అన్నారట. ఆవిడతో వాదం పెట్టుకోకు గానీ, తెలుగులో అక్షరం ఎలా పలుకుతుందో చాలావరకు మాట కూడా అలాగే పలుకుతుంది కనుక, శబ్దాలను కలిపి మాటగా చదివే కిటుకు ఇందులోనే త్వరగా పట్టుబడుతుంది. ఇంగ్లీషుకు వెళ్ళినా ఆ కిటుకు పనికివస్తుంది.

రోజూ పావుగంటకు మించి కూర్చోబెట్టవద్దు. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేయడం కన్నా అది మేలు. రాత్రి పడుకునే ముందు కథ నీవే చదివి వినిపించు, ఆ సమయంలో ప్రశ్నలు వేయకు. ఇంత చేసినా అక్షరాలు నిలవకపోతే, లేదా పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చూస్తూ ఉంటే, బద్ధకమని తిట్టకుండా ముందు కళ్ళ డాక్టరుకు చూపించి, ఏమన్నారో నాకు ఫోను చేసి చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య