గ్లాక్ 19లో గైడ్ రాడ్ మారిస్తే తన్ను తగ్గుతుందా?

మూడో తరం గ్లాక్ 19 పిస్తోలులో కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ గైడ్ రాడ్ (గొట్టం కింది స్ప్రింగు లోపల ఉండే కడ్డీ) తీసేసి లోహపు రాడ్ వేస్తే తన్ను, అంటే కాల్చినప్పుడు చేతికి తగిలే వెనుదెబ్బ, తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది, కానీ మీరు ఆశిస్తున్నంత కాదు. నేను టెక్సస్‌లో ఉంటాను. ఇదే పిస్తోలులో ప్లాస్టిక్, ఉక్కు, టంగ్‌స్టన్ మూడూ వేసి కాల్చి చూశాను.

రాడ్ పని స్ప్రింగును వంకర పోకుండా నిలిపి ఉంచడమే. తన్నును అది మింగేయదు. మార్పు వచ్చేది బరువు వల్ల. ఖాళీ మ్యాగజీనుతో సుమారు 670 గ్రాములు తూగే పిస్తోలుకు గొట్టం కింద, ముందువైపు ఇంకాస్త బరువు చేరితే మూతి పైకి లేవడం తగ్గుతుంది. టంగ్‌స్టన్ ఉక్కు కన్నా దాదాపు రెండున్నర రెట్లు సాంద్రమైనది కాబట్టి, వెంటవెంటనే రెండు తూటాలు కాల్చినప్పుడు తేడా నాకు స్పష్టంగా తెలిసింది. ఉక్కు రాడ్‌తో మాత్రం ఉందో లేదో చెప్పలేనంత స్వల్పం.

నేను పొరపడింది స్ప్రింగు దగ్గర. కంపెనీది 17, 18 పౌండ్ల స్ప్రింగు. మెత్తగా ఉంటుందని నేను ఉక్కు రాడ్ మీద 13 పౌండ్లది వేశాను. మొదటి రోజే స్లైడు (కాల్చినప్పుడు వెనక్కి వెళ్లి ముందుకొచ్చే పైభాగం) పూర్తిగా ముందుకు రాకుండా రెండు మూడు సార్లు ఆగిపోయింది. గ్లాకులో స్ట్రైకరు (తూటాను పొడిచి పేల్చే సూది) స్ప్రింగు స్లైడును వెనక్కి లాగుతుంటే ఈ స్ప్రింగు ముందుకు తోయాలి. బలహీనమైతే ఓడిపోతుంది. మరీ గట్టిదైనా చిక్కే: తక్కువ మందున్న తూటాలతో స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్లక ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది.

అందుకే కొత్త స్ప్రింగు వేశాక ఈ పరీక్ష తప్పక చేయండి. ఖాళీ పిస్తోలు మూతిని సురక్షితమైన దిక్కుకు తిప్పి, 45 డిగ్రీలు పైకెత్తి, ట్రిగ్గరు నొక్కి పట్టుకుని, స్లైడును వెనక్కి లాగి మెల్లగా వదలండి. దానంతట అది పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో ఆగితే ఆ స్ప్రింగు పనికిరాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గ్లాకును విప్పాలంటే ట్రిగ్గరు నొక్కక తప్పదు. ముందు మ్యాగజీను తీయండి, ఆ తర్వాతే స్లైడు లాగి ఛాంబరును (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటును) కంటితో చూడండి, వేలితో తడమండి. ఈ వరుస తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. బిగించేటప్పుడు రాడ్ మడమ (వెనుక చివర) గొట్టం కింది అర్ధచంద్రపు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.

కొనేటప్పుడు మూడో తరానిదేనా అని అడగండి. నాలుగో, ఐదో తరాల్లో జంట స్ప్రింగులు వచ్చాయి, అవి మీ దానిలో పట్టవు. నా టంగ్‌స్టన్ రాడ్ ఇప్పుడు కంపెనీ బలం స్ప్రింగుతోనే, కేవలం కాల్పుల సాధనకు రేంజికి తీసుకెళ్లే పిస్తోలులో ఉంది. ఆత్మరక్షణకు ఉంచుకున్న దానిలో ప్లాస్టిక్ రాడ్‌ను నేను ముట్టుకోలేదు.