గ్రూప్-1 కేసులు కోర్టులో ఇన్నేళ్లు ఎందుకు నడుస్తాయి?

మీ తమ్ముడు తిరుపతిలో గది తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నాడని, కేసును ఇక్కడి కోర్టులోనే త్వరగా తేల్చరా అని అడిగారు. ఇక్కడ కుదరదు. నియామక వివాదాలు రిట్ పిటిషన్లు (ప్రభుత్వ చర్యను సవాలు చేసే అర్జీలు) కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కింద అమరావతిలోని హైకోర్టే వినాలి. ప్రభుత్వ ఉద్యోగుల కేసులు వినే పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయ్యాక సర్వీసు కేసుల భారమంతా దానిమీదే పడింది.

అసలు కాలయాపన కౌంటర్ దగ్గర, అంటే ప్రభుత్వం కోర్టుకిచ్చే రాతపూర్వక జవాబు దగ్గర, మొదలవుతుంది. కేసు స్టేటస్ తెరిస్తే ప్రతి వాయిదాకీ 'కౌంటర్ కోసం' అనే ఉంటుంది. ప్రభుత్వ జవాబు వచ్చేలోపు ఎంపికైనవాళ్లు కేసులో తమనూ చేర్చమంటారు. తీర్పొస్తే అప్పీలు.

2018 గ్రూప్-1 నోటిఫికేషనే చూడండి. మెయిన్స్ 2020 డిసెంబరులో జరిగింది. డిజిటల్ మూల్యాంకనం చెల్లదు, పేపర్లు చేత్తో దిద్దమని 2021లో హైకోర్టు చెప్పింది. 2024 మార్చిలో సింగిల్ జడ్జి మెయిన్స్‌నే రద్దు చేస్తే ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పు అమలును నిలిపేసింది. అప్పటికే ఎంపికైనవాళ్లు ఉద్యోగాల్లో ఉన్నారు. ఓడినా గెలిచినా ఎవరో ఒకరి బతుకు తలకిందులయ్యే ఈ పరిస్థితి చాలా అన్యాయం. 1998 డీఎస్సీ (టీచర్ల నియామకం) వాళ్లకైతే 2023లో గానీ పోస్టింగులు రాలేదు, అదీ కాంట్రాక్టు పద్ధతిలో.

'కీ' (పరీక్ష సంస్థ ఇచ్చే సరైన జవాబుల జాబితా) తప్పని వేసే కేసులు గెలవడం ఇంకా కష్టం. అనుమానముంటే పరీక్ష పెట్టిన సంస్థ వైపే మొగ్గాలని రణ్ విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ తమ్ముణ్ని ముందు స్టే ఉందో లేదో చూడమనండి. లేకపోతే నియామకాలు 'తుది తీర్పుకు లోబడి' సాగిపోవచ్చు, కాబట్టి చదువు ఆపొద్దు. తనే కేసు వేయాలనుకుంటే ఫలితాల దాకా ఆగకుండా వెంటనే వేయాలి. ఆలస్యంగా వచ్చారన్న కారణంతోనే కొట్టేసిన పిటిషన్లు చాలా ఉన్నాయి.