బీఎస్సీ చదివి సీఏ చేయొచ్చా?

ప్రశ్న: మాది పుత్తూరు. వయసు 23. బీఎస్సీ మ్యాథ్స్‌లో 63 శాతం వచ్చింది. తిరుపతిలో ఒక లాడ్జిలో లెక్కలు చూస్తున్నాను. టాలీలో ఎంట్రీలు వేస్తాను, నెలనెలా జీఎస్టీ వివరాలు ఆడిటర్ ఆఫీసుకు పంపుతాను. సీఏ చేయాలని ఉంది. బీకాం లేకపోతే కుదరదు, ముందు ఎంకాం కట్టమని తెలిసినవాళ్లు అంటున్నారు. నాన్నేమో బ్యాంకు పరీక్షలు రాయమంటారు. ఉద్యోగం మానేయాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎంకాం మాట మర్చిపోండమ్మా. సీఏ కోర్సు నడిపే ఐసీఏఐ నిబంధనల ప్రకారం కామర్స్ డిగ్రీ వాళ్లకు 55 శాతం, మిగతా డిగ్రీల వాళ్లకు 60 శాతం ఉంటే చాలు, మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో (ఇంటర్ అంటారు) చేరిపోవచ్చు. మీకు 63 ఉంది, ఇంకేం కావాలి? మార్కులు సీజీపీఏలో ఉంటే మాత్రం వాటిని శాతంగా చూపించే కాగితం యూనివర్సిటీ నుంచి ముందే తెచ్చిపెట్టుకోండి, దాని కోసం చివర్లో తిరగడం కంటే నయం. 60 రానివాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెబుతున్నాను: వాళ్లు ఫౌండేషన్ రాసి రావొచ్చు, లేదా ఏ డిగ్రీతోనైనా (ఫైన్ ఆర్ట్స్ తప్ప) సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌లో చేరి, అది పాసై, అక్కడి నుంచి సీఏ ఇంటర్‌కు రావొచ్చు.

సరే, సీటు సమస్య కాదు. అసలు సమస్య సబ్జెక్టు. టాలీ వచ్చు కదా అని ధైర్యంగా ఉండకండి. బ్రహ్మోత్సవాలకు గది కావాలని ఒక కుటుంబం రెండు నెలల ముందే అడ్వాన్సు కడుతుంది, మీరు రసీదు వేస్తారు. ఆ డబ్బు ఆ రోజు మీ లాడ్జికి ఆదాయమా? కాదు, వాళ్లు వచ్చి దిగేదాకా అది లాడ్జి నెత్తిన ఉన్న బాకీ. ఇంకోటి చూడండి. 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, ఐటీసీ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మినహాయించుకునే వీలు) లేదు. మరి ఆ గదుల్లో పెట్టడానికి కొన్న గీజర్ బిల్లులో కట్టిన జీఎస్టీ ఏమైనట్టు? గీజర్ ఖరీదులోనే కలిసి, ఏటా తరుగుదలలో కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది. ఆడిటర్ ఆఫీసులో మీ ఎంట్రీలు మారుస్తుంటే ఎందుకు మార్చారని అడగండి, విసుక్కున్నా సరే అడగండి. బీకాం వాళ్లు మూడేళ్లలో నేర్చుకున్నది మీరు కొన్ని నెలల్లో పట్టుకోవాలి, అందుకే ఇంటర్ పుస్తకాలు తెరిచే ముందు ఫౌండేషన్ అకౌంటింగ్ పుస్తకం మొత్తం లెక్కలు చేసేయండి.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. ఇంటర్‌లో రెండు గ్రూపులు, మొత్తం ఆరు పేపర్లు, ఒక్కో పేపర్లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఒక్కో గ్రూపు విడిగా రాసుకోవచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో రెండు గ్రూపులూ పాసయ్యాకే ఆర్టికల్‌షిప్ (సీఏ ఆఫీసులో పని నేర్చుకునే శిక్షణ), అది మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. లాడ్జి మానాల్సింది అప్పుడు. స్టైపెండ్ మీ ఇప్పటి జీతంలో సగం కూడా ఉండకపోవచ్చు, ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పండి. తర్వాత ఆరు నెలలు చదువుకుని ఫైనల్. అన్నీ మొదటిసారే పాసైనా మూడున్నరేళ్లకు తక్కువ కాదు, చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. మీ నాన్నగారి భయం ఊరికే వచ్చింది కాదు. ఇల్లు మీ జీతం మీదే నడుస్తుంటే ముందు బ్యాంకు పరీక్ష రాయడమే మేలు. అలా కాదంటే, పీఓ (బ్యాంకు ఆఫీసరు) పరీక్షలకు జనరల్ వాళ్లకే 30 ఏళ్ల దాకా అవకాశం ఉంది, ఇంటర్ ఫలితం చూసి ఆలోచించుకోమని ఆయనకు చెప్పండి.

ఆర్టికల్‌షిప్‌కు చెన్నై, బెంగళూరు పోవాలా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. పెద్ద ఆఫీసు పేరు బయోడేటాలో బాగుంటుంది కానీ అక్కడ నెలల తరబడి ఒకే రకం పని చేతికి రావచ్చు. ఇక్కడి మంచి ఆఫీసులో అయితే లాడ్జీలు, బెల్లం మండీలు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు అన్నీ తగులుతాయి. సీజన్లో నింపిన తోతాపురి గుజ్జు పీపాలు మార్చి 31కి ఎన్ని మిగిలాయి, బజారు ధర పడిపోయి ఉంటే వాటికి ఏ ధర కట్టాలి అన్నది గోడౌన్లో నిలబడి లెక్కపెట్టినవాళ్లు మర్చిపోరు.

ఇంటర్ పరీక్షలు జనవరి, మే, సెప్టెంబరులో జరుగుతున్నాయి, రిజిస్టరైన ఎనిమిది నెలలకు గానీ రాయనివ్వరు. జనవరి 1 లోపు కడితే సెప్టెంబరు, మే 1 లోపు కడితే జనవరి, సెప్టెంబరు 1 లోపు కడితే మే. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు, మేలో వేసవి సెలవుల జనం, మీ ఓనరు సెలవు ఇవ్వరు. మీకు జనవరే మేలు, అదీ వైకుంఠ ఏకాదశి తేదీ చూసుకుని.