తుపాకీ ప్రశ్నలు: తాతగారి రైఫిల్‌కు కొత్త గొట్టం వేయించవచ్చా?

(సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా పనిచేసి, రిటైరయ్యాక పర్లాకిమిడిలో స్థిరపడిన మా శీర్షిక రచయిత ఈ నెల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: మా తాతగారు జయపురం సంస్థానంలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న మౌజర్ రైఫిల్ ఒకటి ఇంట్లో ఉంది. గొట్టం మీద .275 అని చెక్కి ఉంది. లైసెన్సు నాన్నగారి పేరు మీద ఉంది, ఆయనకిప్పుడు 74 ఏళ్లు. తూటాలు ఎక్కడా దొరకడం లేదు. అమెరికాలో ఇలాంటి పాత మౌజర్లకు గొట్టం మార్చి, నచ్చిన బోరులో (గొట్టం లోపలి కొలతలో) రైఫిల్ కట్టించుకుంటున్నారని వీడియోల్లో చూశాను. దీన్ని అమెరికా తూటా .30-06కి మార్పించవచ్చా? అసలు ఏ తూటా ఎంచుకుంటే మంచిది?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: ముందు మీ ఇంట్లో ఉన్నదేమిటో చెబుతాను. .275 రిగ్బీ అంటే రిగ్బీ అనే లండన్ కంపెనీ పెట్టుకున్న పేరు. లోపల పట్టేది జర్మనీ వాళ్ల 7×57 మౌజర్ తూటాయే (మొదటి అంకె గుండు వెడల్పు, రెండోది ఇత్తడి కేసు పొడవు, మిల్లీమీటర్లలో). 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిన రైఫిల్‌దీ ఇదే బోరు. దెబ్బ భుజానికి పెద్దగా తగలదు, గుండు మాత్రం తిన్నగా పోతుంది. ఇలాంటిదాన్ని కోసి ఇంకోటి చేద్దామనే మాట వినగానే నాకు మనసొప్పదు. అయినా మీరు అడిగింది అడిగారు కాబట్టి చెబుతాను.

అక్కడి వాళ్లు గొట్టం మార్చేటప్పుడు మొదట చూసేది తూటా బలం కాదు, తూటా అడుగు. తూటాను గొట్టంలోకి తోసి వెనక మూసే కడ్డీని బోల్టు అంటారు, దాని ముఖం పట్టుకునేది ఆ అడుగునే. 7×57కి, 8×57కి, .30-06కి అడుగు వెడల్పు దాదాపు ఒకటే, సుమారు 12 మిల్లీమీటర్లు. అందుకే పాత మౌజర్ బోల్టును ముట్టుకోకుండా గొట్టం ఒక్కటి మార్చి ఈ మూడింట్లో దేనికైనా తిప్పుతారు. వీడియోలో సులువుగా కనిపించేది ఈ ముక్కే.

కనిపించనిది పొడవు. 7×57 తూటా మొత్తం సుమారు 78 మిల్లీమీటర్లు, .30-06 దాదాపు 85. మ్యాగజైన్ పెట్టె పాత తూటా కొలతకు చేసింది కాబట్టి దాన్ని సాగదీయాలి. తూటా పైకి ఎక్కే ఏటవాలు దగ్గర ఇనుము చెక్కాలి. ఆ ఏటవాలు వెనకే బోల్టు కింది లగ్ (బోల్టును బిగించి పట్టే మొట్టు) ఆనుకునే చోటు ఉంటుంది. పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడిలో సగం మోసేది అదే. .375 హాలండ్ లాంటి పొడుగు తూటా కోసం అక్కడ లోతుగా చెక్కేసిన మౌజర్లు ఉన్నాయి. ఆ రైఫిల్ పేలేటప్పుడు పక్కన నిలబడమంటే నేను నిలబడను. పైగా పాత మౌజర్ల ఉక్కు మెత్తనిది, పైపొర మాత్రమే గట్టిపరుస్తారు. .30-06 ఒత్తిడి 7×57 కన్నా ఎక్కువ.

ఇక మన దేశం సంగతి. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేయాలన్నా, మార్చాలన్నా, రిపేరు చేయాలన్నా దానికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. మీ చేతిలో ఉన్నది దగ్గర ఉంచుకునే లైసెన్సు. దాంతో గొట్టం మార్పించే హక్కు రాదు. 2019 సవరణతో 6వ సెక్షన్ ఇంకా బిగిసింది. ఒక కేటగిరీ తుపాకీని ఇంకో కేటగిరీకి మార్చడం కూడా అందులోకి వచ్చింది. శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. రాయగడ వైపు ఎవరో కొలిమి మేస్త్రీ చేసి పెడతానన్నాడని ఉత్తరం చివర రాశారు. ఆ మేస్త్రీ గడప తొక్కకండి. లైసెన్సు పుస్తకంలో బోరు, నంబరు రాసి ఉంటాయి. రెన్యువల్ రోజున గొట్టం మీద వేరే బోరు కనబడితే ఇరుక్కునేది నాన్నగారు.

మన దగ్గర ఏ తూటా వాడాలన్నది మొదటినుంచీ సర్కారే తేల్చింది. 1907లో .450 బోరును ఇండియాలో నిషేధించారు. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులకు ఆ గుళ్లు పనికొస్తాయని వాళ్ల భయం. దాంతో లండన్ కంపెనీలు .465, .470 అంటూ కొత్త బోర్లు పుట్టించాయి. అవి ఏనుగుకు ఎక్కువ సరిపోతాయని కాదు, చట్టానికి సరిపోతాయని.

కాబట్టి నా సలహా: రైఫిల్‌ను అలాగే ఉంచండి. దాని అసలు తూటా ఎక్కడైనా వస్తుందేమో లైసెన్సు ఉన్న డీలర్ల దగ్గర 7×57 అనే పేరుతో కూడా అడగండి. .275 అంటే కొత్త కుర్రాళ్లకు తెలియడం లేదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ చేతికొచ్చి 25 ఏళ్లయినా వారసుడి పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. నాన్నగారు ఉండగానే కలెక్టరేట్‌లో ఆ పని పూర్తి చేసుకోండి. తర్వాతైతే వారసత్వ కాగితాల కోసం తిరగాలి.

ప్రశ్న: మాది ఇషాపూర్ .315 రైఫిల్. దీని తూటాను 8 ఎం.ఎం. అంటారు కదా, మౌజర్ 8 ఎం.ఎం. తూటా పనికొస్తుందా? ఈమధ్య పేల్చిన తూటాల ఇత్తడి కేసుల (తొడుగుల) మీద అడుగుకు కాస్త పైన మెరిసే గీత ఒకటి కనబడుతోంది.
– ఒక రైతు, కాశీనగర్

జవాబు: పనికిరాదు. ప్రయత్నం కూడా చేయకండి. మీ తూటా 8×50, ఆస్ట్రియా వాళ్ల మాన్లిచర్ తూటా. అడుగున అంచు బయటికి ఉంటుంది. మౌజర్‌ది 8×57, అంచు బయటికి రాదు, ఒత్తిడి చాలా ఎక్కువ. గుండు వ్యాసం దగ్గరగా ఉన్నంత మాత్రాన తూటా ఒకటైపోదు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అసలు బోరైన త్రీనాట్‌త్రీ (.303) సైనిక బోరు, పౌరులకు ఇవ్వరు. అందుకే అదే లీ-ఎన్‌ఫీల్డ్ రకం రైఫిల్‌ను .315 తూటాకు చేసి అమ్మారు.

ఆ గీత సంగతి నాకు ఎక్కువ టెన్షన్. ఈ రకం రైఫిల్ బోల్టు వెనకవైపు తాళం పడుతుంది, మౌజర్‌లా ముందు కాదు. పేలినప్పుడు ఇనుము కొద్దిగా సాగుతుంది. ఇత్తడి కేసు కూడా దానితో పాటే అడుగు దగ్గర సాగి పలచబడుతుంది. సన్నని తీగ కొస వంచి, పేల్చిన కేసు లోపలికి పెట్టి అడుగు నుంచి పైకి గీరి చూడండి. గీత ఉన్న చోట లోపల గాడిలా తగిలితే కేసు అక్కడ తెగబోతోందని అర్థం. తెగితే వేడి గాలి, ఇత్తడి ముక్కలు మీ కంటివైపే వస్తాయి. పేల్చడం ఆపి, లైసెన్సు ఉన్న ఆర్మరర్ దగ్గర గేజ్ పెట్టించి బోల్టు, చాంబర్ (తూటా కూర్చునే చోటు) మధ్య సందు ఎంతుందో చూపించండి. ఖాళీ కేసులు కూడా పట్టుకెళ్లండి, తుపాకీ కన్నా అవే ఎక్కువ చెబుతాయి.

ప్రశ్న: మహేంద్రగిరి దిగువన మా మొక్కజొన్నను పందులు బతకనివ్వడం లేదు. పంట రక్షణ లైసెన్సు ఉంటే కాల్చవచ్చా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: తుపాకీ లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. అడవిపంది వన్యప్రాణి చట్టం 2వ షెడ్యూలులో ఉంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాసి ఇవ్వాలి. నష్టం ఫొటోలతో ఫారెస్టు రేంజి ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. ఇక బోరు గురించి అడగకండి, పంట రక్షణ పేరుతో సాధారణంగా ఇచ్చేది నోటి నుంచి మందు కూరే తుపాకీ.

ప్రశ్న: పాత పెట్టెలో ఇత్తడి తూటాలు దొరికాయి. పచ్చగా చిలుము పట్టింది, కొన్నిటి మెడ మీద సన్నని పగుళ్లున్నాయి. తుడిచి వాడవచ్చా?
– ఒక గృహిణి, బరంపురం

జవాబు: తుడవకండమ్మా, వాడనివ్వకండి. మెడ పగుళ్లకు మన దేశంలోనే పెద్ద కథ ఉంది. బ్రిటిష్ సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపు శాలల్లో నిల్వ పెట్టేది. తీసి చూస్తే మెడలు పగిలి ఉండేవి. పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, సాగదీసిన ఇత్తడి రెండూ కలిస్తే ఇలా అవుతుందని 1921లో తేల్చారు. మీ పెట్టె గొడ్లసావిట్లోనో, యూరియా బస్తాల పక్కనో ఉండే ఉంటుంది.

చెరువులో పారేయవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు, పాత ఇత్తడి కొనేవాడికి అసలే వద్దు. తుపాకీ లైసెన్సు ఇంట్లో ఎవరికీ లేకపోతే అవి మీ దగ్గరుండటమే నేరం. పెట్టెను కదపకుండా పోలీసు స్టేషనుకు మనిషిని పంపి విషయం చెప్పండి. వాళ్లు తీసుకున్నాక ఎన్ని ఇచ్చారో లెక్క రాసి సంతకంతో రసీదు అడిగి తీసుకోండి.