పన్నెండు వైబ్రేటర్లు ఒకేసారి ఊగుతుంటే ఏ సిగ్నల్ ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న వేసినవారు జియోఫిజిక్స్ విద్యార్థి అనుకుంటా. సీస్మిక్ సర్వేలో, అంటే నేలలోకి అలలు పంపి లోపలి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని రికార్డు చేసే పనిలో, ఒక షాట్ (ఒక పేలుడు) రికార్డయ్యాకే ఇంకోటి పేల్చాలని క్లాసులో చెప్పారు, బయటేమో ఒకేసారి చాలా సోర్సులు (అల పుట్టించే పేలుడో, వైబ్రేటర్ ట్రక్కో) నడిపిస్తున్నారట, అంతా కలిసిపోదా అన్నది అనుమానం. కలిసిపోతుందండి. కలవకుండా ఆపే మంత్రం ఏదీ లేదు. మళ్లీ విడదీయడానికి వీలుగా ఎలా కలపాలన్నదే అసలు పని, అది కంప్యూటర్ దగ్గర కాదు, ఫీల్డులోనే మొదలవుతుంది.

నేను ఉద్యోగంలో చేరింది కోనసీమలో డైనమైట్ క్రూలో. వరిచేలో షాట్ హోల్ వేసి, పేలుడు మందు దించి, రైతుకి పంట నష్టం లెక్కకట్టి, చివరికి రేడియోలో "రెడీ" అనిపించుకుని ఒక్క షాట్. పేలాక ఆరు సెకన్లు అందరూ బొమ్మల్లా నిలబడాలి, గట్టు మీద గేదె నడిచినా రికార్డింగ్ చూసుకునే అబ్జర్వర్ కసురుకునేవాడు. అలాంటివాణ్ని తర్వాత ఒమన్ ఎడారికి వెళ్లి, పన్నెండు వైబ్రేటర్ ట్రక్కులు ఎవరి ఇష్టం వచ్చినప్పుడు వాళ్లు ప్యాడ్ (ట్రక్కు అడుగున ఉండే బరువైన పలక) దించి నేలను ఊపేస్తుంటే డాగ్‌హౌస్‌లో (రికార్డింగ్ క్యాబిన్) కూర్చుని చూశాను. మొదటిరోజు నాకూ మీలాగే అనిపించింది, ఇదేం రికార్డింగురా బాబూ అని.

ముందు డబ్బు లెక్క చూడండి. పాత పద్ధతిలో 12 సెకన్ల స్వీప్ (ఫ్రీక్వెన్సీ మెల్లగా మారుస్తూ నేలను ఊపే ఒక విడత), 4 సెకన్లు వినడం, తర్వాత పాయింటుకి జరగడానికి ఒక 15 సెకన్లు. అంటే ఏ ఆటంకం లేకుండా నడిచినా గంటకు 116 పాయింట్లు. అదే ట్రక్కులన్నీ విడివిడిగా తిరిగితే, ఒక్కోటి 42 సెకన్లకో పాయింటు చేసినా గంటకు 85, పన్నెండు ట్రక్కులకు వెయ్యి పైనే. ఈ తేడా చూశాక ఏ క్లయింటూ పాత దారికి రాడు.

ఇక్కడిదాకా మెట్టుమెట్టుగా వచ్చారు. 1996లో ఒమన్ నుంచే స్లిప్-స్వీప్ వచ్చింది, మొదటి బృందం స్వీప్ అయ్యేదాకా ఆగకుండా కొన్ని సెకన్ల తేడాతో రెండో బృందం మొదలుపెట్టేస్తుంది. తక్కువ నుంచి ఎక్కువ ఫ్రీక్వెన్సీకి వెళ్లే స్వీపులో, వెనకవాడి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడు రెట్లలో వచ్చే అదనపు కంపనాలు) కోరిలేషన్ తర్వాత (రికార్డును స్వీపుతో పోల్చి పొడవాటి ఊపును చిన్న దెబ్బగా కుదించాక) ముందువాడి రికార్డులో వచ్చి పడతాయి, ఆ తలనొప్పి వేరు. తర్వాత బీపీ అనే చమురు కంపెనీ వాళ్లు దూరం నమ్ముకున్నారు, ట్రక్కుల మధ్య 12 కిలోమీటర్లు పెట్టి ఒకేసారి ఊపడం. అల సెకనుకు 3 కిలోమీటర్లు పోతుందనుకుంటే పక్కవాడి చప్పుడు మీ ట్రక్కు దగ్గరి జియోఫోన్లకు (నేల కంపనం వినే పరికరాలు) చేరేసరికి 4 సెకన్లు, అప్పటికి మీకు కావాల్సిన రిఫ్లెక్షన్లు (పొరల ప్రతిధ్వనులు) వచ్చేసి ఉంటాయి. 2008లో అదే బీపీ నుంచి డేవ్ హౌ బృందం చెప్పిన పద్ధతిలో అయితే ఈ దూరం, సమయం పట్టింపులే లేవు, ఎవరి ట్రక్కు వాళ్లదే అన్నారు. మా క్రూ నడిచింది దాదాపు ఆ దారిలోనే.

ఇప్పుడు విడదీయడం. చెరువు ఒడ్డున ఇద్దరు బట్టలు ఉతుకుతున్నారనుకోండి, మీరు గట్టు మీద ఫోన్ పెట్టి గంటసేపు రికార్డు చేశారు. మొదటాయన బండకేసి కొట్టిన ప్రతి క్షణం మీ దగ్గర రాసి ఉంది. ఆ క్షణాల దగ్గర రికార్డును ముక్కలు కోసి ఒకదాని కింద ఒకటి పేర్చితే, ఆయన దెబ్బ, అవతలి ఒడ్డు నుంచి వచ్చే దాని ప్రతిధ్వని వరుసగా నిలబడతాయి. రెండో ఆయన దెబ్బలు చల్లినట్టు ఎక్కడెక్కడో పడతాయి. ఒక జియోఫోన్ విన్నవన్నీ తీసి సోర్సు వారీగా పేర్చితే జరిగేది ఇదే, దాన్నే కామన్ రిసీవర్ గ్యాదర్ అంటారు. వరుసగా ఉన్నది మనది, చెల్లాచెదురుగా ఉన్నది పక్కవాడిది. మొదట్లో దాన్ని స్టాకింగుకే (చాలా రికార్డులు కలిపి సగటు తీయడం) వదిలేసేవారు, ఇప్పుడు ఇన్వర్షన్‌తో (రికార్డుకు సరిపోయే అలల్ని వెనక్కి లెక్కకట్టడం) పక్కవాడి అలను అంచనా కట్టి తీసేస్తున్నారు. అయినా పక్క ట్రక్కు మీ జియోఫోన్ పక్కనే ఉంటే దాని గ్రౌండ్ రోల్ (నేల పైపైనే పాకే అల) మీ లోతు రిఫ్లెక్షన్ కంటే వందల రెట్లు పెద్దది, అక్కడ ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా కడగలేదు.

గమ్మత్తేంటంటే, రెండో ఆయన కూడా మొదటాయన తాళానికే కొట్టడం మొదలుపెడితే అంతా పోతుంది. మాకు అదే జరిగింది. పక్కపక్క లైన్లలో రెండు ట్రక్కులు, ఒకే నేల, ఒకే వేగం, డ్రైవర్లిద్దరూ చేయి తిరిగినవాళ్లు. గంట గడిచేసరికి ఇద్దరికీ తాళం కలిసిపోయింది, ఒకడు ప్యాడ్ దించిన రెండు సెకన్లకి రెండోవాడు, ప్రతిసారీ. బాగా పనిచేయడమే అక్కడ తప్పయింది! చివరికి స్వీప్ ముందు ప్రతిసారీ వేరుగా, ఏ వరసా లేని చిన్న ఆలస్యం కావాలని కలిపాం.

ఇంకో దెబ్బ ఇంతకంటే సిల్లీ. ఒక ట్రక్కులో కంట్రోల్ పెట్టె మార్చారు. ఆ రాత్రి క్యూసీలో (డేటా నాణ్యత తనిఖీ) ఆ ట్రక్కుకు ఒక్క ఫస్ట్ బ్రేక్ (జియోఫోన్‌కు మొదట చేరే అల) కూడా లేదు, మిగతావాళ్ల గోల తప్ప. తీరా చూస్తే కొత్త పెట్టె టైమ్‌ను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తోంది, మా రికార్డర్ జీపీఎస్ టైమ్‌లో. 2017 మొదటి నుంచి ఆ రెండింటికీ 18 సెకన్ల తేడా. మేం కోసుకున్న 16 సెకన్ల ముక్క, ఆ ట్రక్కు స్వీప్ మొదలవడానికి 2 సెకన్ల ముందే అయిపోయింది. రికార్డింగ్ ఆపకుండా నడుస్తుంది కాబట్టి 18 సెకన్లు జరిపి మళ్లీ కోసుకున్నాం, బతికిపోయాం. నిజానికి అంత పెద్ద తప్పయితే కంటికి దొరుకుతుంది. ఆరు మిల్లీసెకన్ల తప్పయితే దొరకదు, 80 హెర్ట్జ్ దగ్గర అది సగం అల, సిగ్నల్ తనని తానే కొట్టేసుకుంటుంది.

సముద్రంలో సంగతి నాకు చేతి అనుభవం లేదు, సూత్రం ఇదే. ఓడ సెకనుకు రెండున్నర మీటర్లు పోతూ 12.5 మీటర్లకో ఎయిర్ గన్ (నీళ్లలో గాలిని ఒక్కసారిగా వదిలే సోర్సు) పేలిస్తే 5 సెకన్లకో షాట్, లోతు నుంచి వచ్చే పాత ప్రతిధ్వని మీద కొత్త షాట్ పడి తీరుతుంది, అందుకే అక్కడా పేలే సమయాన్ని అటూ ఇటూ జరుపుతారు.

మీకు నమ్మకం కుదరకపోతే మామూలు సర్వే డేటా ఏదైనా తీసుకుని, షాట్లను రెండేసి చొప్పున, ప్రతి జంటకీ వేర్వేరు రాండమ్ ఆలస్యంతో కలిపి, రిసీవర్ వారీగా పేర్చి చూడండి. తర్వాత ఆలస్యం అన్నిటికీ 500 మిల్లీసెకన్లే పెట్టి మళ్లీ చూడండి, రెండో షాటు కూడా అచ్చం నిజమైన పొరలాగే వరుసగా వచ్చి కూర్చుంటుంది.