మ్యుయాన్ కొలతకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

జపాన్‌లోని టోకైలో ఎలక్ట్రాన్ లాంటిదే కానీ చాలా బరువైన కణమైన మ్యుయాన్ అయస్కాంత ధర్మాన్ని కొలవబోయే బృందంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. బయలుదేరేలోపు, అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో ఇదే కొలత ఎలా సాగిందో శ్రద్ధగా చదువుకో.

స్థిరంగా ఉండే పొరపాటుకు అంతగా భయపడనక్కరలేదు. కాలంతో మారే పొరపాటును వెతుకు. అయస్కాంత వలయంలో తిరిగే మ్యుయాన్ స్పిన్, అంటే దానిలోని చిన్న అయస్కాంతం చూపే దిశ, దాని ప్రయాణ దిశ కంటే కొంచెం వేగంగా తిరుగుతుంది. ఫెర్మీల్యాబ్‌లోని 1.45 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో ఆ తేడా సుమారు 4.4 మైక్రోసెకన్లకు ఒక పూర్తి చుట్టు అయ్యేది. మ్యుయాన్ విచ్ఛిన్నమైనప్పుడు వెలువడే పాజిట్రాన్లను (ధనావేశమున్న ఎలక్ట్రాన్ల లాంటి కణాలను) పట్టే డిటెక్టర్ ఎప్పుడూ ఒకే మోతాదులో వాటి శక్తిని తక్కువగా చూపితే ఈ పౌనఃపున్యం చెదరదు. కానీ మొదట పాజిట్రాన్లు వరదలా వచ్చిపడినప్పుడు తక్కువ చూపి, ఆపైన మెల్లగా కోలుకుంటే, స్పిన్ దశే (తిరుగుడులో అది చేరిన చోటే) పక్కకు జరిగినట్టు కనిపించి లెక్క తప్పుతుంది. అందుకే అక్కడ లేజర్ కాంతితో డిటెక్టర్లను పదేపదే సరిచూసేవారు. తొలి విడతలో, మ్యుయాన్ పుంజాన్ని విద్యుత్ క్షేత్రంతో బిగించి ఉంచే క్వాడ్రుపోల్ పలకలకు విద్యుత్తు అందించే 32 నిరోధకాలలో రెండు దెబ్బతినడంతో, కొలత సాగుతుండగానే మ్యుయాన్ పుంజం కదిలిపోయింది. దాన్ని సరిదిద్దడానికి ఎంత శ్రమపడ్డారో 2021 నాటి పత్రాలలో చూడు. టోకైలో విద్యుత్ క్షేత్రంతో పుంజాన్ని బిగించరు గనుక ఈ చిక్కు ఉండదు. డిటెక్టర్ల చిక్కు మాత్రం ఎక్కడికీ పోదు.

కొత్తవారంతా పాజిట్రాన్ల లెక్కవైపే పరుగెడతారు. నీవు మొదటి నెలలు అయస్కాంతం చూసేవారి పక్కన కూర్చో. ఫెర్మీల్యాబ్‌లో 17 ఎన్‌ఎంఆర్ ప్రోబ్‌లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరాలు) ఉన్న ట్రాలీ కొన్ని రోజులకొకసారి వలయమంతా తిరిగి క్షేత్రాన్ని కొలిచేది. ఆ ప్రోబ్‌లలో ఉన్నది మనం పెదవులకు రాసుకునే పెట్రోలియం జెల్లీయే. హాలు ఉష్ణోగ్రత కొద్దిగా మారినా క్షేత్రం మారుతుంది కనుక, తరువాత అయస్కాంతానికి దుప్పటి లాంటి కవచం కప్పారు.

చివరి అంకెను ముందుగా చూడాలనే ఆరాటం నీకూ కలుగుతుంది. ఆ ఆరాటం ఎవరినీ పక్కదారి పట్టించకుండా, ఫెర్మీల్యాబ్‌లో గడియారం పౌనఃపున్యాన్ని కొద్దిగా మార్చి, ఆ మార్పు ఎంతో బృందంలోని ఎవరికీ తెలియకుండా దాచారు. 2021లో సిద్ధాంతానికీ కొలతకూ 4.2 సిగ్మాల (అనిశ్చితికి 4.2 రెట్ల) తేడా అన్నారు. 2025 నాటికి కదిలినది సిద్ధాంతపు విలువ, కొలత కాదు. తుది కొలత అనిశ్చితి 127 పీపీబీ, అంటే వందకోట్లలో 127 వంతులు. సిద్ధాంతానికి దగ్గరగా వచ్చే ఫిట్‌నే (డేటాకు సరిపెట్టిన గీతనే) ఎంచుకున్నవాడెవడైనా అక్కడ ఉండి ఉంటే, ఈ రోజు వాడు తన లెక్కను ఎవరికీ చూపలేడు.

ఇట్లు,
మామయ్య