డ్రోన్ వీడియో ఒరిగితే నాకెందుకు తల తిరుగుతోంది?

ప్రశ్న: నా వయసు 34. కెమెరా డ్రోన్ ఎగరేయడం నా హాబీ. మూడు వారాల కింద డ్రోన్ చెట్టుకొమ్మకు తగిలి పడిపోయింది. రెక్కలు మార్చాక ఎగురుతోంది కానీ కెమెరాను పట్టి ఉంచే గింబల్ సరిగ్గా పనిచేయడం లేదు. వీడియోలో హొరైజన్ (నేల, ఆకాశం కలిసే గీత) మెల్లగా ఒక పక్కకు ఒరిగి, మళ్లీ సరిగ్గా వస్తోంది. మధ్యమధ్య బొమ్మ సన్నగా వణుకుతోంది. లోపం ఎక్కడుందో పట్టుకోవాలని డ్రోన్ కెమెరా దృశ్యాన్ని కళ్లముందే చూపించే గాగుల్స్ రోజూ పెట్టుకుని ఎగరేస్తున్నాను, రాత్రిళ్లు ఆ రికార్డింగులే పదే పదే చూస్తున్నాను. పావుగంట గడిచేసరికి కడుపులో తిప్పడం, చెమటలు, తలనొప్పి. గాగుల్స్ తీసేశాక కూడా గంట, రెండు గంటల పాటు నేల ఊగుతున్నట్టే ఉంటోంది. మెడ పట్టేసింది. చిన్నప్పుడు బస్సెక్కితే వాంతులయ్యేవి. అమ్మకు మైగ్రేన్ ఉంది. ఫ్రెండ్ ఇచ్చిన వర్టిగో మాత్రలు పది రోజులుగా వేసుకుంటున్నాను. ఇది చెవి సమస్యా, మెడ నరాల సమస్యా? బ్రెయిన్ స్కాన్ చేయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ భయం గురించి చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది మెదడులో గడ్డ లక్షణంలా లేదు. చెవి జబ్బులానూ లేదు. గాగుల్స్ పెట్టుకుంటేనే మొదలవుతోంది, తీసేస్తే కొన్ని గంటల్లో తగ్గిపోతోంది, మిగతా రోజంతా మామూలుగా ఉంటున్నారు. కదిలే దృశ్యం చూడడం వల్ల వచ్చే మోషన్ సిక్‌నెస్ సరిగ్గా ఇలాగే ఉంటుంది. చిన్నప్పటి బస్సు వాంతులు, ఇంట్లో మైగ్రేన్ ఉండడం ఈ అనుమానాన్ని ఇంకా బలపరుస్తున్నాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు మోషన్ సిక్‌నెస్ మిగతావాళ్ల కంటే తేలిగ్గా వస్తుంది. మైగ్రేన్ తరచూ కుటుంబాల్లో నడుస్తుంది కూడా. మనిషిని చూసి పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను కాబట్టి, ఎలాంటప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్లాలో కింద రాస్తాను. అది మాత్రం తప్పకుండా చదవండి.

మీ కెమెరాకు గింబల్ చేసే పనిని మీ కళ్లకు లోపలి చెవి చేస్తుంది. గింబల్‌లో మూడు చిన్న మోటార్లు ఉంటాయి. ఒకటి కెమెరాను పైకీ కిందకీ, ఒకటి పక్కలకీ తిప్పుతుంది, మూడోది హొరైజన్ ఒరగకుండా చూస్తుంది. ఎటు ఎంత కదిలిందో ఆ మోటార్లకు గైరోస్కోప్, యాక్సెలరోమీటర్ అనే సెన్సర్లు చెబుతుంటాయి. లోపలి చెవిలోనూ మూడు అర్ధవృత్తాకారపు నాళాలు ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. తల ఏ దిక్కున తిరిగినా వాటిలోని ద్రవం కదిలి ఆ సంగతి మెదడుకు చేరుతుంది. వాటి పక్కనే ఉన్న రెండు చిన్న సంచుల్లో సన్నటి కాల్షియం స్ఫటికాలు ఉంటాయి. తల ఎటు ఒరిగిందో, శరీరం ముందుకు వెళ్తోందో పైకి లేస్తోందో చెప్పేవి అవే. ఈ సమాచారం అందగానే, సుమారు పది మిల్లీసెకన్లలోనే, కళ్లు తలకు ఎదురు దిశలో అంతే కదిలి బొమ్మను నిలబెడతాయి.

ఇప్పుడే ఒకసారి చూసుకోండి. ఫోన్‌ను కదలకుండా పట్టుకుని, తలను అటూ ఇటూ వేగంగా ఊపుతూ ఈ వాక్యం చదవండి, చదవగలుగుతారు. తర్వాత తలను నిలిపి, ఫోన్‌ను అంతే వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. రెండుసార్లూ కదలిక ఒకటే. మొదటిసారి చెవి ముందే చెప్పింది కాబట్టి కళ్లు సర్దుకున్నాయి. రెండోసారి చెవికి తెలియని కదలిక అది. తల ఊపుతూ చదివినప్పుడు కూడా అక్షరాలు పూర్తిగా అలుక్కుపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కు చెప్పండి. లోపలి చెవి బలహీనపడినవాళ్లలో అలా జరగొచ్చు.

పాడైన గింబల్‌తో గాగుల్స్ పెట్టుకున్నప్పుడు జరిగేది రెండో పరిస్థితే. మీరు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంటారు. 'ఒరగడం లేదు' అంటుంది చెవి. 'భూమే ఒరిగిపోతోంది' అంటాయి కళ్లు. ఇలా రెండు సమాచారాలు పొసగకపోవడమే మోషన్ సిక్‌నెస్‌కు మూలమని శాస్త్రవేత్తలు రీజన్, బ్రాండ్ 1975లో వివరంగా రాశారు. ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ అదే. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే చుట్టూ ఉన్న గది కదలకుండా కనిపిస్తుంటుంది కాబట్టి కళ్లకు ఒక ఆధారం ఉంటుంది. గాగుల్స్‌లో ఆ ఆధారం కూడా పోతుంది.

మరి గింబల్ బాగున్న రోజుల్లో, డ్రోన్ అంతకంటే వేగంగా మలుపులు తిరిగినా మీకు ఏమీ కాలేదు కదా? ఎందుకంటే అప్పుడు ఆ మలుపు మీరు తిప్పినదే. స్టిక్ మీద వేలు కదిలిన క్షణంలోనే బొమ్మ ఎటు వెళ్తుందో మెదడు ముందే లెక్క వేసుకుంటుంది. కారు నడిపేవాళ్లకు తిప్పదు, పక్కన కూర్చున్నవాళ్లకు తిప్పుతుంది, కారణం ఇదే. గింబల్ పాడయ్యాక మీ చేయి కదలకుండానే హొరైజన్ ఒరుగుతోంది. మీ డ్రోన్‌లోనే మీరు ప్రయాణికుడైపోయారన్నమాట. పైగా ఆ ఒరగడం నెమ్మదిగా సాగుతోంది. పడవలు, వాహనాల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వికారం తెప్పించేది వేగంగా వచ్చే అదురు కాదని, సుమారు ఐదు సెకన్లకు ఒకసారి వచ్చే నెమ్మదైన ఊపు అని తేలింది. కాబట్టి నా అంచనా ప్రకారం మీ కడుపులో తిప్పుతున్నది ఆ ఒరగడం. సన్నటి వణుకు కళ్లను అలసట పెట్టి తలనొప్పికి తోడవుతోంది.

అందుకని నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే. గింబల్ లోపాన్ని గాగుల్స్‌తో వెతకడం ఈ రోజు నుంచే ఆపండి. లోపం పట్టుకోవడానికి ఆ వీడియోను మీ కళ్లు గంటల తరబడి భరించాల్సిన అవసరం లేదు. నేనూ తీరిక ఉన్నప్పుడు కెమెరా డ్రోన్ ఎగరేస్తాను కాబట్టి, ఇది ఎలా చేయొచ్చో కాస్త వివరంగా చెబుతాను.

రెక్కలు నాలుగూ ఊడదీయండి. ఇది మాత్రం తప్పనిసరి, తిరిగే రెక్క వేలికి తగిలితే గాయం లోతుగా అవుతుంది. పడ్డ డ్రోన్ కాబట్టి బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. కొంచెం ఉబ్బినా దాన్ని ఛార్జింగ్ పెట్టొద్దు, వాడొద్దు. పవర్ ఆఫ్‌లో ఉండగా గింబల్‌ను వేలితో చాలా మెల్లగా ఒక్కో దిక్కుకూ కదిపి చూడండి. మూడు వైపులా మెత్తగా కదలాలి. ఎక్కడైనా గరగరమన్నా, పట్టేసినట్టున్నా ఇసుక చేరి ఉండొచ్చు, లేదంటే కెమెరాను మోసే సన్నటి ఆర్మ్ వంగి ఉండొచ్చు. గింబల్‌ను డ్రోన్‌కు వేలాడదీసే చిన్న రబ్బరు ముక్కలుంటాయి, అదురును పీల్చుకునేవి. కింద పడ్డప్పుడు వాటిలో ఒకటి గాడిలోంచి ఊడిపోవడం మామూలే. గింబల్‌కు వెళ్లే సన్నటి పట్టీ లాంటి రిబ్బన్ కేబుల్ మీద మడత, చిరుగు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. లెన్స్ మీద విడిగా కొన్న ఫిల్టర్ బిగించి ఉంటే తీసేయండి, ఆ బరువు కూడా మోటార్లను ఇబ్బంది పెడుతుంది.

తర్వాత గింబల్‌కు తొడిగే ప్లాస్టిక్ గార్డు తీసి, సమంగా ఉన్న బల్ల మీద పెట్టి ఆన్ చేయండి. చూడాల్సింది స్క్రీన్‌ను కాదు, గింబల్‌ను. ఆన్ కాగానే అది తనంతట తాను అటూ ఇటూ తిరిగి, నిటారుగా నిలబడాలి. ఇక్కడే అసలు విషయం తేలిపోతుంది. బల్ల మీద కూడా వణుకుతుంటే లోపం గింబల్ మోటార్‌లోనో, సెన్సర్‌లోనో, కేబుల్‌లోనో ఉన్నట్టు. బల్ల మీద నిలకడగా ఉండి గాలిలో మాత్రమే వణుకుతుంటే రెక్కలనూ, రెక్కల మోటార్లనూ, ఆ రబ్బరు ముక్కలనూ అనుమానించాలి. రెక్కలు మార్చానన్నారు, కానీ మోటార్ షాఫ్ట్ కొంచెం వంగినా కొత్త రెక్క కూడా అదురుతుంది.

ఒరగడం సంగతి తేల్చడానికి వీడియో అక్కర్లేదు. తలుపు చట్రానికి ఎదురుగా డ్రోన్‌ను పెట్టి, ఐదు నిమిషాల్లో ఆగి ఆగి కొన్ని ఫొటోలు తీయండి. నిలువు గీత ఏ ఫొటోలో ఎంత ఒరిగిందో తీరిగ్గా చూసుకోవచ్చు, కదలని బొమ్మ కాబట్టి కడుపులో తిప్పదు. ఐదు నిమిషాలే ఎందుకంటే, రెక్కల గాలి తగలకుండా ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే డ్రోన్ వేడెక్కుతుంది. అన్ని ఫొటోల్లోనూ ఒకే కోణంలో ఒరిగి ఉంటే, డ్రోన్ చల్లారాక యాప్‌లోంచి గింబల్ క్యాలిబ్రేషన్ (సమతలాన్ని మళ్లీ సరిచూసి సెట్ చేయడం) చేస్తే సర్దుకోవచ్చు. ఆ సమయంలో బల్లను ముట్టుకోవద్దు. ఒక్కో ఫొటోలో ఒక్కోలా ఉన్నా, క్యాలిబ్రేషన్ తర్వాతా మారకపోయినా, మోటార్ ఓవర్‌లోడ్ అని యాప్ హెచ్చరిస్తున్నా అక్కడితో ఆపి సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి. రిబ్బన్ కేబుల్ మార్చడం ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాదని నా అభిప్రాయం.

మీ మెడ గురించి. మెడ పట్టేసి, తల కూడా తిరుగుతుంటే 'మెడ నరం నొక్కుకుపోయింది' అనే మాట చాలా తొందరగా వినిపిస్తుంది. ముప్ఫై దాటినవాళ్లలో చాలామందికి మెడ ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. అంతమాత్రాన తల తిరగడానికి అదే కారణం కాదు. మీ విషయంలో గాగుల్స్ బరువు ముందుకు లాగడం, రాత్రిళ్లు తల వంచి స్క్రీన్ చూడడమే నొప్పికి సరిపోతాయి. తల బరువే సుమారు ఐదు కిలోలు, వంచేకొద్దీ మెడ కండరాల మీద ఆ భారం పెరుగుతుంది. స్క్రీన్‌ను కంటి ఎత్తుకు తెచ్చుకోండి, వేడి కాపడం పెట్టండి. చేతుల్లో తిమ్మిర్లు, బలహీనత ఉంటేనే మెడకు విడిగా పరీక్షలు కావాలి.

ఆ మాత్రల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. మీరు పేరు రాయలేదు. వర్టిగో మాత్రలని అందరూ అనేవాటిలో రకరకాల మందులున్నాయి. బీటాహిస్టిన్ అయితే మీ సమస్యకు దానితో పని లేదు. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివైతే వికారాన్ని తగ్గిస్తాయి నిజమే, కానీ మత్తు తెస్తాయి. రోజుల తరబడి వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. నెలల తరబడి వాడినవాళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, చేతులు వణకడం, నడక నెమ్మదించడం కూడా చూస్తాం. ఆ స్ట్రిప్ దగ్గర్లోని డాక్టర్‌కు చూపించి ఆపేయండి. ఆ మందు వేసుకున్న రోజు డ్రోన్ ఎగరేయొద్దు, బండి నడపొద్దు. నేల ఊగుతున్నట్టున్నంతసేపూ కూడా బండి తీయొద్దు.

డ్రోన్ మానేయనక్కర్లేదు. గింబల్ బాగుపడ్డాక, రెండు మూడు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక మొదలుపెట్టండి. మొదట గాగుల్స్ లేకుండా, డ్రోన్‌ను నేరుగా చూస్తూ ఎగరేయండి. తర్వాత గాగుల్స్‌తో ఐదు నిమిషాలు. ఆవులింతలు రావడం, నోట్లో నీళ్లూరడం, నుదుట చల్లటి చెమట వీటిలో ఏది మొదలైనా వెంటనే ఆపాలి. 'ఇంకొంచెం ఓర్చుకుంటే అలవాటవుతుంది' అనుకుని కొనసాగిస్తే అలవాటు కాదు సరికదా, మరుసటిసారి ఇంకా త్వరగా తిప్పుతుంది. గాగుల్స్ లెన్సుల మధ్య దూరం మీ కళ్లకు తగ్గట్టు సరిచేసుకోండి. నిద్ర చాలని రోజు అసలు పెట్టుకోవద్దు. గాలిలో ఉండగా తిప్పడం మొదలైతే డ్రోన్‌ను ఉన్నచోటే నిలిపి, గాగుల్స్ తీసేసి, డ్రోన్‌ను బయలుదేరిన చోటికే రప్పించే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కండి. డ్రోన్‌ను నేరుగా చూస్తుండే మనిషి పక్కన లేకుండా గాగుల్స్‌తో ఎగరేయడం ఎలాగూ మంచిది కాదు.

ఇక స్కాన్. ఇప్పుడు మీరు చెప్పిన లక్షణాలకు అవసరం లేదు. అయితే గాగుల్స్‌తో సంబంధం లేకుండా, పక్క మీద ఒత్తిగిలినప్పుడో, డ్రోన్ కోసం తల పైకెత్తినప్పుడో గది గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతుంటే అది చెవిలోని ఆ స్ఫటికాలు చోటు తప్పడం వల్ల కావచ్చు. దానికి మాత్రల కంటే ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక వరసలో తిప్పి చేసే ఎప్లీ పద్ధతి బాగా పనిచేస్తుంది. తల తిరగడంతో పాటు ఒక చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉన్నా ఆయన దగ్గరకే వెళ్లాలి. వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, గంటల తరబడి తల తిరగడం పదే పదే వస్తుంటే తల తిరగడం ముఖ్య లక్షణంగా వచ్చే వెస్టిబ్యులర్ మైగ్రేన్ గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడండి, అమ్మగారి మైగ్రేన్ సంగతి తప్పకుండా చెప్పండి.

మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక చేయో కాలో బలహీనపడడం, నిలబడలేనంత తూలు, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నిమిషం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అప్పుడు స్కాన్ తప్పనిసరి.

గాగుల్స్ మానేసిన రెండు వారాల తర్వాత కూడా నేల ఊగుతున్నట్టే ఉంటే డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి. కొద్దిమందిలో ఈ ఊపు నెలల తరబడి నిలిచిపోయి, సూపర్‌మార్కెట్ అరలు చూసినా, స్క్రీన్ మీద పేజీ జరిపినా ఎక్కువవుతుంది. మూడు నెలలు దాటితే దాన్ని విడిగా ఒక జబ్బుగానే గుర్తిస్తాం. బ్యాలెన్స్ వ్యాయామాలు, కొన్ని మందులు, కౌన్సెలింగ్‌తో అది కూడా అదుపులోకి వస్తుంది, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. వెళ్లేటప్పుడు ఏ రోజు ఎంతసేపు గాగుల్స్ పెట్టుకున్నారో, ఎప్పుడు తిప్పడం మొదలై ఎప్పుడు తగ్గిందో రాసుకుని తీసుకెళ్లండి. డాక్టర్‌కు చాలా ప్రశ్నలు తగ్గుతాయి.